కొమ్ముల టోపీయు, చెరపడిన స్త్రీలును

ఉత్తర ఐరోపాలో వైకింగుల పురాతన స్థలములను చూడబోవు యాత్రికుని అంగళ్లలో మొట్టమొదట పలుకరించునది కొమ్ముల టోపీ. వైకింగు లట్టి శిరస్త్రాణమును ధరించి యుద్ధమునకు వెడలిరనుట కాధారమేమియు లేదు. 1876లో బైరాయిట్ నగరమున వాగ్నరుని సంగీతరూపకమునకు డోప్లరను చిత్రకారుడు కల్పించిన వేషములే యీ భ్రమకు బలము చేకూర్చినవి. 1943లో నార్వేలోని యెర్ముండ్‌బు వద్ద దొరకిన నిజమైన యినుప శిరస్త్రాణమునకు కొమ్ములు లేవు. అయినను నాటకపు టోపీయే గెలిచినది. కొనువాడు కోరునది యదియే గదా!

ఇట్లనుటచే మేము రుసుము పుచ్చుకొనుటనే నిందించుచున్నామని చదువరులు తలంపవలదు. ఇంగ్లండునందలి యార్కు పట్టణమున, కాపర్‌గేట్ వీథిలో, 1976 మొదలు 1981 వరకు త్రవ్వకములు జరిపిన పురావస్తు సంస్థయే 1984లో ఆ చోటనే యోర్విక్ ప్రదర్శనశాలను తెరచినది. అచ్చట యాత్రికులను బండ్లలో కూర్చుండబెట్టి నాటి వీథిని, నాటి మనుష్యులను, తుదకు నాటి దుర్గంధమును గూడ అనుభవింపజేయుదురు. ఇది సంతలోని వినోదమని పెదవి విరుచువారు కలరు. మాకు మాత్రము ఆ దుర్గంధమే మెచ్చదగినదిగా తోచుచున్నది. వీరగాథలలో మరుగుదొడ్డి యుండదు. ఇచ్చటనో, ఆ కాలపు మనుజుని మలము శిలాప్రాయమై గాజుపెట్టెలో నున్నది.

డెన్మార్కులోని రాస్కిల్డెవారి శ్రద్ధ యింకను మేలైనది. 1962లో అచ్చటి సముద్రపుపాయనుండి వెలికితీసిన నావలలో నొకటి 1042 ప్రాంతమున డబ్లిను వద్ద కట్టబడినదని దాని కొయ్యలోని వలయములను బట్టి తేలినది. దాని ప్రతిరూపమును నాటి తీరు గొడ్డండ్లతో చెక్కి, 2007లో సుమారు 60 మంది సముద్రముమీద తడిసి వణకుచు దానిని డబ్లినుకు నడిపిరి.

అయితే ఆ డబ్లినే వైకింగుల కాలమున గొప్ప బానిసల సంత. క్రీ. శ. 821లో డబ్లిను చెంతనున్న హోత్‌ను కొల్లగొట్టి పెక్కుమంది స్త్రీలను చెరపట్టుకొనిపోయిరని ఐర్లండు దేశపు వత్సర వృత్తాంతములు చెప్పుచున్నవి. వారి పేర్లొక్కటియు మిగులలేదు. కొమ్ములు అబద్ధమని చెప్పుట సులభము. దానివలన నెవ్వరి బేరమును చెడదు. నావ వేగమును పొగడుటయు సులభమే. ఆ నావలు ఎవరిని మోసినవో చెప్పునప్పుడే కొనువాని ముఖము ముడుచుకొనును. కత్తియు డాలు నిచ్చి పిల్లలకు ఛాయాచిత్రములు తీయుచోట ఆ 821వ సంవత్సరపు వాక్యమును పెద్ద యక్షరములతో వ్రాసి నిలుపవలెనని మేము కోరుచున్నాము. నాలుగు టోపీలు తక్కువగా నమ్ముడుపోయిన పోవుగాక.