బొటనవేలి కింది గాలి

ఓ నీళ్ల చెంబూ! గారడీ సంచిలో అందరికంటే సాదాసీదాగా ఉండేదానివి నువ్వే. పావురంలా రెక్కలు కొట్టవు, రుమాలులా రంగులు పూయవు. మా ఏర్పేడులో వచ్చినవాళ్లకు కాళ్లు కడుక్కోమని గడప దగ్గర పెట్టే చెంబులాగే ఉంటావు. అందుకే నిన్నెవరూ అనుమానించరు.

ఒంపితే ఖాళీ. బోర్లించినా చుక్క రాలదు. పక్కన పెట్టి, నాలుగు కబుర్లు చెప్పి, మళ్లీ ఒంపితే మళ్లీ నీళ్లు! ఇంద్రజాలికుడు పి.సి. సర్కార్ (1913–1971) ‘వాటర్ ఆఫ్ ఇండియా’ పేరుతో ఆట నడుమ మాటిమాటికీ నీ దగ్గరికొచ్చి ఒంపి పోయేవాడు. ఆయన ఆటలో నీకు దేశం పేరు. నాకు మాత్రం నువ్వు స్వర్ణముఖి బిడ్డవి. ఎండాకాలం ఆ ఏట్లో ఇసుకే కనిపిస్తుంది. చేత్తో చెలమ తీసి, చిప్పతో తోడేస్తే అడుగు తేలుతుంది. కాస్త ఓపిక పడితే ఇసుకలోంచి ఊట చప్పుడు చేయకుండా దిగి, చెలమ మళ్లీ నిండుతుంది. నీ గోడ వెనకా ఇంకో గోడ ఉంది. రెంటి నడుమ నీళ్లు దాక్కుంటాయి. అడుగున సన్నటి బెజ్జమే నీ ఊట.

మెరుపు చూసి తెచ్చుకున్న నా మొదటి చెంబు అతుకు దగ్గర చెమర్చింది. బల్లమీది గుడ్డ తడిసి, గుట్టు బయటపడింది. ఆ రోజు నుంచి నిన్ను ఎంచేటప్పుడు మెరుపు చూడను. నీళ్లు నింపి, రాత్రంతా కాగితం మీద ఉంచుతాను. తెల్లారేసరికి కాగితం పొడిగా ఉండాలి. ఒంపి నిలబెట్టి, ఊట వేగం చూస్తాను. బెజ్జం పెద్దదైతే గుడగుడమని చాడీ చెబుతావు. మరీ సన్నదైతే నా కబుర్లు అయిపోయినా నిండవు. మెడ ఇరుకుగా ఉండాలి, లేకపోతే ముందు వరస పిల్లలు లోపలికి తొంగిచూస్తారు. ఇక మెడ కిందుండే గాలిబెజ్జం నీ ప్రాణం. నిన్ను పట్టుకోగానే నా బొటనవేలు వెతుక్కోకుండా దానిమీద పడాలి. వేలు మూస్తే నీళ్లు కదలవు. వేలెత్తితే గాలి దూరుతుంది, నీళ్లు దిగుతాయి.

జనం నీళ్లకు చప్పట్లు కొడతారు. పని చేసేది గాలి. రెండువేల ఏళ్ల కిందట అలెగ్జాండ్రియాలో హీరో అనే పండితుడు, వేలితో గాలిని ఆపి వదిలే పాత్రల గురించి రాశాడు. మా ఊళ్లోని ఐఐటీలో అడిగితే వాతావరణ పీడనమంటారు. పక్కనున్న శ్రీకాళహస్తిలో గాలికి ఏకంగా గుడే ఉంది. వాయులింగం ముందు, గాలి చొరని గర్భగుడిలో దీపం రెపరెపలాడుతుందని చెప్పుకుంటారు. ఆ గాలినే నువ్వు నా బొటనవేలి కింద దాచిపెట్టావు, తల్లీ!

ఈ చెంబు కొనబోయే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. ఇది అక్షయపాత్ర కాదు. ఒంపిన ప్రతిసారీ ధార కొంచెం సన్నబడుతుంది. ఇంటి దగ్గరే ఎన్నిసార్లు నిండుగా వస్తుందో లెక్కపెట్టుకుని, వేదిక మీద దానికి ఒకటి తక్కువే ఒంపండి.