ఓటు చెప్పని తల్లి

ఆగ్నెస్ స్మెడ్లీ 1929లో ప్రచురించిన ఆత్మకథాత్మక నవల, మనం తెలుగులో 'భూమిపుత్రిక'గా చదువుకున్నది, చర్చకు వచ్చినప్పుడల్లా ఒక అభ్యంతరం వినిపిస్తుంది. ఇది ఒక స్త్రీ సొంత గోడు, వర్గపోరాట చరిత్ర ఇందులో నేపథ్యానికే పరిమితమయిందని. ఒకప్పుడు నేనూ ఆ మాటే అన్నాను. ఇప్పుడు అనలేను.

చరిత్ర అనగానే మనకు సమ్మెలూ కాల్పులూ గుర్తుకొస్తాయి. కథానాయిక మేరీ రోజర్స్ పెరిగిన కొలరాడో గనుల నేలకు అవి కొత్త కాదు. 1914 ఏప్రిల్ 20న లడ్లోలో సమ్మె చేస్తున్న బొగ్గుగని కార్మికుల గుడారాల మీద మిలీషియా, కంపెనీ కాపలాదార్లు దాడి చేశారు. ఒక గుడారం కింద తవ్వుకున్న గోతిలో 11 మంది పిల్లలు, ఇద్దరు స్త్రీలు ఊపిరాడక చచ్చిపోయారు. ఆ కంపెనీ రాక్‌ఫెల్లర్‌ది. కాని అలాంటి కంపెనీల రాజ్యం ఒక ఇంట్లోకి ఎలా ప్రవేశిస్తుందో తెలియాలంటే మేరీ తండ్రిని చూడాలి. మిస్సోరీలో సేద్యం వదిలి, నాలుగు డబ్బులు వెనకేద్దామని గుర్రాలూ బండీ తోలుకుని గనులకు పోయినవాడతను. కాంట్రాక్టు మీద సంతకం పెడతాడు. పని పూర్తయ్యాక ఆ కాగితమే అతని కష్టాన్ని మింగేస్తుంది. యజమానిని ఏమీ చెయ్యలేడు. ఇంటికొచ్చి పెళ్లాం మీద చెయ్యెత్తుతాడు.

ఆ తల్లి ఊళ్లోవాళ్ల బట్టలుతికి పిల్లల్ని సాకుతుంది. కొలరాడోలో స్త్రీలకు 1893లోనే ఓటు వచ్చింది. ఓటు ఎవరికని భర్త నిలదీస్తాడు. ఆమె చెప్పదు. బెదిరిస్తాడు. అయినా చెప్పదు. నవల మొత్తంలో ఇంతకు మించిన రాజకీయ సన్నివేశం నాకు కనిపించలేదు. ఒక్క ఉపన్యాసం లేదు, నినాదం లేదు. (మన కథకులైతే ఇక్కడ ఆమె చేత ఒక పేజీ మాట్లాడించి ఉండేవారు.) పిన్ని హెలెన్ ఒళ్లమ్ముకుని తెచ్చిన డబ్బు కూడా ఆ ఇంటి పొయ్యి వెలిగించిందని రచయిత్రి దాచలేదు.

న్యూయార్క్ భాగంలో ఆ చిక్కదనం లేదు. కథనం పరుగెత్తుతుంది, పాత్రలు సగంసగం రూపుకడతాయి. ఇది లోపమే. అయితే మనల్ని కుదిపేదీ ఆ భాగమే. భారత స్వాతంత్ర్యం కోసం పనిచేసినందుకు స్మెడ్లీ 1918లో నిజంగానే అక్కడ అరెస్టయింది. నవలలో మేరీ కూడా జైలుకు పోతుంది, భారతీయ విప్లవకారుల రహస్యాలు బయటపెట్టదు. ఆ ఉద్యమంలోని వాడే ఒకడు ఆమెను బలాత్కరిస్తాడు. పరువు పోయిందని కుమిలిపోయేది మాత్రం, ఆమెను ప్రేమించి పెళ్లాడిన భారతీయుడు. దేశం కోసం ప్రాణమిచ్చేవాడికి భార్య గతం భరించరానిదవుతుంది.

ఈ అధ్యాయాలను 'వ్యక్తిగతం' అని దాటవేసిన మాటలు మన సభల్లోనే విన్నాను. పెళ్లాం ఓటు తనకు తెలిసితీరాలన్న ఆ బండివాడికీ, ఈ విప్లవకారుడికీ తేడా ఎక్కడుందో దాటవేసినవారే చెప్పాలి.