చెయ్యి ముందు, ధైర్యం తర్వాత

ఈ వారం పేపర్లో ఒక కాలేజీ సీపీఆర్ అవగాహన సదస్సు ఫోటో చూసి ఒళ్లు మండింది. హాలు నిండా విద్యార్థులు, వేదిక మీద నలుగురు పెద్దలు, వాళ్ల ముందు ఒకే ఒక్క బొమ్మ. దాని ఛాతీ మీద చేతులు పెట్టింది ముఖ్య అతిథి. పిల్లలంతా చూశారు, చప్పట్లు కొట్టారు, వెళ్లిపోయారు. రేపు బస్టాండులో ఎవరైనా కుప్పకూలితే ఆ పిల్లల్లో ముందుకు ఉరికేది ఎందరు? చెప్పింది గుర్తుంటుంది, చెయ్యి మాత్రం లేవదు. ఈ శీర్షిక క్రమం తప్పకుండా చదివేవాళ్లకు నా పాత గోల తెలుసు: మన చదువు చూపించి ఊరుకుంటుంది, చేయనివ్వదు. ఇంటర్ ప్రాక్టికల్స్ గురించి ఎన్నిసార్లు రాశానో వాళ్లకే తెలుసు. మళ్లీ రాస్తాను, ఎందుకంటే రోగం అక్కడే మొదలైంది.

కెమిస్ట్రీ ల్యాబులో నైట్రేటును పట్టుకునే వలయ పరీక్షనే తీసుకోండి. లవణ ద్రావణంలో అప్పుడే తయారుచేసిన ఫెర్రస్ సల్ఫేట్ కలిపి, పరీక్షనాళికను వాల్చి పట్టుకుని, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని గోడ వెంబడి మెల్లగా జారవిడవాలి. గబుక్కున పోస్తే రెండూ కలిసిపోయి నాళిక వేడెక్కుతుంది, ఏమీ కనబడదు. ఓపిగ్గా జార్చితే ఆమ్లం అడుక్కు చేరి, రెండూ ఆనుకున్న చోట గోధుమరంగు వలయం తేలుతుంది. ఆమ్లమంటే భయం ఉండాల్సిందే. ఆ భయమే చేతిని నెమ్మదిస్తుంది, ఆ నెమ్మదే వలయాన్ని తెస్తుంది. ఇది రికార్డు పుస్తకం కాపీ చేస్తే వచ్చే తెలివిడి కాదు. కానీ చాలా కాలేజీల్లో పిల్లలు కాపీయే చేస్తారు, ముప్పైకి ముప్పై తెచ్చుకుంటారు. ఆమ్లం సీసా మూత తీయకుండానే ఆమ్లం గురించి అన్నీ తెలిసినవాళ్లు తయారవుతారు. వాళ్లకు మిగిలేది చేతిని నడిపించే భయం కాదు, చేతిని కట్టేసే భయం.

గుండె ఆగిన మనిషి ఛాతీని నొక్కే సీపీఆర్ దగ్గర ఆ కట్టేసే భయం ప్రాణం ఖరీదు చేస్తుంది. మనిషి పలకడం లేదు, మామూలుగా ఊపిరి తీయడం లేదు అంటే 108కి ఫోన్ చేసి ఫోన్ స్పీకర్లో పెట్టాలి. అరచేతి కింది భాగాన్ని రొమ్ము ఎముక కింది సగం మీద ఆనించి, రెండో చెయ్యి దాని మీద వేసి, మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా దించాలి. పెద్దవాళ్లకు లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు. వేగం నిమిషానికి 100 నుంచి 120. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. చదవడానికి నాలుగు ముక్కలే. కానీ 5 సెంటీమీటర్లంటే ఎంతో కంటికి తెలియదు, చేతులకే తెలియాలి. కొత్తవాళ్లు పైపైనే నొక్కుతారు, ఎందుకంటే పక్కటెముక విరుగుతుందేమోనని భయం. నిజమే, ఒక్కోసారి విరుగుతుంది కూడా. అయితే ఆగిన గుండె ముందు విరిగిన ఎముక చిన్న లెక్క. ఎముక అతుక్కుంటుంది. పోలీసు కేసవుతుందన్న భయం ఇంకొకటి. రోడ్డు ప్రమాదాల వరకైతే 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ సాయపడేవాళ్లకు రక్షణ ఇచ్చాయి. చట్టం ఆ భయాన్ని కొంత తగ్గించింది. చేతుల భయాన్ని ఏ చట్టమూ తగ్గించలేదు.

దాన్ని తగ్గించేదేమిటో స్టాన్‌ఫర్డ్‌లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా బృందం 1969లో పాములతో తేల్చింది. పామంటే హడలిపోయేవాళ్లను గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు ఒళ్లు సడలించుకుంటూ పామును ఊహించుకునే చికిత్స. ఇంకో గుంపుకు పామును పట్టుకునేవాళ్ల సినిమా. మూడో గుంపు పక్కన ఒక మనిషి నిలబడి, తాను ముందు పట్టుకుని చూపించి, తర్వాత వాళ్ల చేత ముట్టించాడు. మొదట గ్లవుజులతో, తర్వాత ఉత్త చేతులతో, నడుము దగ్గర, ఆపైన తల దగ్గర. ఎక్కువమంది భయం విడిచింది ఈ మూడో గుంపులోనే. ధైర్యం వచ్చాక ముట్టుకోలేదు వాళ్లు, ముట్టుకున్నాక ధైర్యం వచ్చింది. సీపీఆర్ బొమ్మ వెనకా ఇదే ఆలోచన ఉంది. 1960లో నార్వేలో బొమ్మల తయారీదారు ఆస్ముండ్ లేర్డాల్ రిససీ యాన్ అనే శిక్షణ బొమ్మ చేసినప్పుడు, చూసేవాళ్లను భయపెట్టని ప్రశాంతమైన అమ్మాయి ముఖాన్ని దానికి పెట్టాడు. నొక్కడం నేర్పడానికి ఛాతీలో స్ప్రింగు తర్వాత చేర్చారు. ముట్టుకోవడానికి జంకేవాణ్ణి ముట్టుకునేలా చేయడమే ఆ ముఖం పని.

బొమ్మ బొమ్మే, మనిషి మనిషే కదా అని అడగొచ్చు. బొమ్మ పక్కన ఏడ్చే భార్య ఉండదు, చుట్టూ జనం మూగరు. ఒప్పుకుంటాను. కానీ లోతు, వేగం ముందే చేతులకు పట్టిన మనిషికి ఆ గందరగోళంలో తలకెత్తుకోవాల్సింది సగమే మిగులుతుంది. డెన్మార్క్ 2005 తర్వాత బడుల్లో, డ్రైవింగ్ లైసెన్సు శిక్షణలో సీపీఆర్ నేర్పడాన్ని తప్పనిసరి చేసింది. ఆసుపత్రి బయట గుండె ఆగినవాళ్లకు చుట్టుపక్కలవాళ్లు సీపీఆర్ చేయడం 2001లో సుమారు 21 శాతం ఉండగా 2010కి 45 శాతానికి చేరింది. నెల రోజుల తర్వాత బతికి ఉన్నవాళ్లు 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగారు. ఇదంతా శిక్షణ పుణ్యమే అనను, ఆసుపత్రి వైద్యం కూడా ఆ పదేళ్లలో మెరుగుపడింది. అయినా దారినపోయేవాడి చెయ్యి కదలకపోతే ఆసుపత్రి దాకా ప్రాణంతో చేరేవాళ్లే తక్కువ.

ఇక్కడిదాకా వచ్చాక నేనే ఒకచోట ఆగాల్సి వస్తోంది. చేయిస్తే ధైర్యం వస్తుంది, కాబట్టి అందరికీ ఒకసారి చేయిస్తే చాలు అనేలా ఉంది నా వాదన. చాలదు. సీపీఆర్ నైపుణ్యం మూడు నుంచి ఆరు నెలల్లోనే సన్నగిల్లడం మొదలవుతుందని పరిశోధనలు పదేపదే చెప్పాయి. లోతు తగ్గుతుంది, వేగం తప్పుతుంది. నాకొచ్చు అన్న నమ్మకం మాత్రం అంత తొందరగా కరగదు. అంటే ధైర్యాన్నే గమ్యంగా పెట్టుకుంటే, పని మరిచిన చేతులకు ధైర్యం మిగులుతుంది. అందుకే శిక్షణ చివర భయం పోయిందా అని అడగడం తప్పు ప్రశ్న అనిపిస్తోంది. భయం ఉండనివ్వండి, అది ఉన్నప్పుడు కూడా 5 సెంటీమీటర్లు దిగుతోందా లేదా అన్నదే చూడాలి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా ఏళ్ల తరబడి గ్యాప్ ఇచ్చి పెద్ద క్లాసు పెట్టడం కన్నా తరచుగా చిన్న చిన్న అభ్యాసాలే మేలంటోంది. బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ అయితే ఒక ఫోను, ఒక దిండు ఉంటే పావుగంటలో మొదలుపెట్టండి అంటోంది. దిండు లేని ఇల్లుందా?

కాబట్టి కాలేజీలను నేను అడిగేది సదస్సు కాదు. బొమ్మను అతిథితోపాటు తిప్పి పంపకండి, కొని అక్కడే ఉంచండి, లైబ్రరీలో, తాళం వేయకుండా. ఆర్టీసీ డిపోలో ఒకటి, జిల్లా గ్రంథాలయంలో ఒకటి. మూణ్నెల్లకోసారి ఒక్కొక్కరూ రెండేసి నిమిషాలు, చేతులు నొప్పిపుట్టేదాకా నొక్కాలి. నిజంగా చేసేటప్పుడు కూడా రెండు నిమిషాలకే మనిషి అలసిపోయి లోతు తప్పుతాడు, పక్కవాడు అందుకోవాలి. ఆ పక్కవాడికీ వచ్చి ఉండాలి.