గుర్తు వేరు, కణము వేరు

“సి.డి.133 గల కణమే మూలకణము” అను భావము కలుగునట్లు వ్రాయుట కద్దు. ఇది ఎంతవరకు నిజమో పరిశీలించుట ఉపాధ్యాయులకును, విద్యార్థులకును మేలు.

సి.డి.133 అనునది కణపు పైపొరను ఐదుమారులు దాటు ఒక ప్రోటీను. దాని బయటి భాగమునకు చక్కెర గొలుసులు అతికియుండును. దీనిని కనుగొనుటకు వాడు ప్రతిరక్షకములలో పేరొందినది ఏ.సి.133. అమెరికా శాస్త్రజ్ఞులు 1997లో దీనిని వర్ణించిరి. ఈ ప్రతిరక్షకమునకు మెరయు రంగును తగిలించి కణములతో కలిపినచో, అది తన గుర్తున్న కణములకు అంటుకొనును. లేసరు కాంతిలో మెరసిన కణములను యంత్రము వేరుచేయును. రక్తమును పుట్టించు మూలకణములను ఏరుటకు ఇది మిక్కిలి తోడ్పడినది. ఇంతవరకు ఆక్షేపణ లేదు.

చిక్కు తరువాత వచ్చినది. 2007లో కెనడా, ఇటలీ దేశములకు చెందిన రెండు బృందములు, పెద్దప్రేగు క్యాన్సరును ఎలుకలలో తిరిగి మొలపించు శక్తి ఈ గుర్తుగల కణములకే ఉన్నదని ‘నేచర్’ పత్రికలో ప్రకటించినవి. కెనడా బృందపు అంకెలనే చూడుడు. ఏరని కణములలో 57,000కు ఒకటి గడ్డను మొలపించినది. గుర్తున్న కణములలో 262కు ఒకటి. ఇది రెండువందల రెట్లకు మించిన మెరుగు; గొప్ప ఫలితమే. అయినను, తక్కిన 261 కణములు గుర్తు ధరించియు ఆ పరీక్షలో ఆ పని చేయలేదు. కనుక గుర్తుండుట ఒక్కటే నిదర్శనము కాదు.

గుర్తు లేకపోవుటయు నిదర్శనము కాదు. 2008లో న్యూయార్కు పరిశోధకులు, ఆ జన్యువు పనిచేయుచోటెల్ల రంగు తేలునట్లు ఎలుకలను తయారుచేసి చూచిరి. పెద్దప్రేగులోని పరిణతి చెందిన మామూలు కణములలోను అది పనిచేయుచుండెను. వ్యాపించిన మానవ క్యాన్సరులనుండి తీసిన కణములలో గుర్తులేనివియు గడ్డలను మొలపించినవి. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు మరియొక సంగతి చూపిరి. క్యాన్సరు మూలకణము పరిణతి చెందినపుడు ప్రోటీను పోదు; ఏ.సి.133 పట్టుకొను చోటు మాత్రము మరుగుపడును. చక్కెర గొలుసులు మారి, ప్రోటీను మడత మారుట ఇందుకు కారణమై యుండవచ్చునని వారి అభిప్రాయము. తలపాగాపై ఉత్తరీయము కప్పుకొన్నవానిని చూచి తలపాగాయే లేదనుట ఎట్టిదో, ప్రతిరక్షకము అంటుకొనలేదు గనుక ప్రోటీను లేదనుట అట్టిది.

ఇది మాటల తగాదా కాదు. గుర్తున్న కణములనే చంపు మందును తయారుచేసినచో, గుర్తులేనివి మిగిలి రోగము తిరుగబెట్టవచ్చును. కావున ఏ ప్రతిరక్షకమును వాడిరో స్పష్టముగా చెప్పవలెను. ప్రోటీనులో వేరొక చోట అంటుకొను ప్రతిరక్షకముతోను సరిచూడవలెను. కణము చేయు పనిని బట్టియే దానిని మూలకణమనవలెను. తప్పు ప్రతిరక్షకముది కాదు, దాని మాటను మించి చదివిన మనది.

మన తరగతులలోను ఈ పొరపాటు జరుగుచున్నది. గంజిపై లాలాజలము పనిచేసిన పిదప అయోడిను వేయగా నీలిరంగు రాకున్నచో, “కార్బోహైడ్రేటు లేదు” అని విద్యార్థి వ్రాయును. మాల్టోసు ఆ పరీక్షనాళికలోనే ఉన్నది! “నీలిరంగు రాలేదు” అని ముందు వ్రాయించుడు. దాని అర్థమేమో తరువాత చర్చింపుడు.