పొంగని కుండ: లఘుచిత్రాలలో శోకం

రెండు గంటల చలనచిత్రానికి మరణాన్ని చూపడం అంత కష్టమైన పని కాదు. పోబోయే మనిషిని అది గంటసేపు ప్రేక్షకుని కళ్ళముందు నడిపిస్తుంది, నవ్విస్తుంది, నలుగురితో కూర్చోబెట్టి భోజనం పెట్టిస్తుంది. ఆ తరువాత తీసుకుపోతుంది. ఆ గంట పరిచయమే కన్నీటికి పెట్టుబడి. లఘుచిత్రానికి ఆ పెట్టుబడి లేదు. ఎనిమిది నిమిషాలలోనో, ఇరవై నిమిషాలలోనో ప్రేక్షకుడు తనకు ఏమీ కాని మనిషి కోసం దుఃఖపడాలి. అంటే లఘుచిత్రం పోయిన మనిషిని చూపి శోకాన్ని పుట్టించలేదు. మిగిలిన మనిషిని చూపియే పుట్టించాలి.

ఈ ఇబ్బందిని దాటడానికి ఎక్కువమంది దర్శకులు అరువు సొమ్ము మీద ఆధారపడతారు. ఒంటరి వేణువో వయొలినో, కిటికీ అద్దం మీద వాన, దండ వేసిన ఫొటో, వేగం తగ్గించిన నడక, తళుక్కున మెరిసి మాయమయ్యే పాత జ్ఞాపకం. తెలుగులో ఇటీవల అంతర్జాలం ద్వారా విడుదలవుతున్న లఘుచిత్రాలలో అనేకం ఈ సామగ్రితోనే నడుస్తున్నాయి. ఇవి శోకానికి గుర్తులే తప్ప శోకం కావు. ప్రేక్షకుడు గుర్తును గుర్తిస్తాడు, కన్ను చెమర్చుతుంది, చిత్రం ముగిసిన రెండు నిమిషాలకు మరచిపోతాడు.

శోకానికీ దాని గుర్తుకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని కొలవడానికి సినిమా శాస్త్రం కన్నా చాలా పాతదైన ఒక ఉపమానం పనికివస్తుంది. దుఃఖసత్యాన్ని వివరించేటప్పుడు పాళీ వాఙ్మయం శోకాన్నీ పరిదేవాన్నీ ఉపాయాసాన్నీ వేరు వేరు మాటలుగా చెబుతుంది. ఐదవ శతాబ్దివాడైన బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గంలో ఈ మూడింటి భేదాన్ని ఒక కుండతో పోల్చి చూపాడు. (ఆయన ఆంధ్రదేశీయుడేనన్న వాదం పండితులలో ఒకటి ఉన్నది, అది ఇక్కడ ప్రస్తుతం కాదు.) సన్నని మంట మీద కుండలోపల ఉడుకుతున్నది శోకం. మంట పెరిగి కుండ అంచు దాటి పొంగేది పరిదేవం, అనగా ఏడ్పు, విలాపం. పొంగవలసినది పొంగిపోగా, ఇక పొంగే సత్తువ లేక, అడుగున మిగిలి ఇంకిపోయేదాకా ఉడుకుతూనే ఉండేది ఉపాయాసం. వంటింటి నుంచి తీసుకున్న ఈ పోలికలో ఒక సూక్ష్మం ఉన్నది. కంటికి కనబడేదీ చెవికి వినబడేదీ మధ్యనున్న ఆ ఒక్క దశే. తక్కిన రెండూ మూత కింద జరిగే పనులు. కెమెరా సహజంగా పొంగు వైపు పరుగెత్తుతుంది. మూత కింద ఉన్నదానిని చూపగలిగినవే శోకాన్ని గురించిన మంచి లఘుచిత్రాలు.

రవీంద్రనాథ ఠాగూరు శతజయంతి సంవత్సరమైన 1961లో సత్యజిత్ రాయ్ ఆయన కథలు మూడింటిని కలిపి ‘తీన్ కన్యా’ తీశాడు. తన చిత్రానికి తానే సంగీతం కూర్చుకోవడం రాయ్ ఆరంభించినది దీనితోనే. అందులోని మొదటి చిత్రం ‘పోస్ట్‌మాస్టర్’. దానికి మూలమైన కథ 1891 నాటిది. కలకత్తా నుంచి ఉలాపూర్ అనే పల్లెకు వచ్చిన యువకుడు నందలాల్. అతనికి వంట, నీళ్ళు చూసే అనాథ బాలిక రతన్. అతడు ఆమెకు చదువు చెబుతాడు. అతనికి మలేరియా వస్తే ఆమె సేవ చేస్తుంది. కోలుకున్న తరువాత అతడు ఉద్యోగం వదిలి వెళ్ళిపోతాడు. ఇందులో ఎవరూ చనిపోరు. అయినా శోకాన్ని గురించిన భారతీయ లఘుచిత్రాలను తలచుకున్నప్పుడు దీనిని మొదట చెప్పక తప్పదు. ఆ పిల్లకు తల్లీ తండ్రీ పోయినప్పుడు జరిగినది ఇప్పుడు రెండవసారి జరుగుతున్నది.

ఠాగూరు కథలో రతన్ అతని కాళ్ళ మీద పడి ఏడుస్తుంది, తనకు ఏమీ ఇవ్వవద్దని వేడుకొని పారిపోతుంది. అతడు పడవ ఎక్కుతాడు. వెనక్కి వెళ్ళి ఆ పిల్లను తీసుకురావాలని ఒక్క క్షణం అనిపిస్తుంది; కాని తెరచాపకు గాలి తగిలింది, పడవ సాగిపోయింది. అప్పుడు అతనికి తత్త్వం స్ఫురిస్తుంది: లోకంలో ఇటువంటి వియోగాలు ఎన్ని లేవు, మరణాలు ఎన్ని లేవు, తిరిగి వెళ్ళి ప్రయోజనమేమి, ఎవరికి ఎవరు. రతన్‌కు మాత్రం ఏ తత్త్వమూ స్ఫురించలేదు. ఆమె తపాలా కార్యాలయం చుట్టూ కన్నీళ్ళతో తిరుగుతూ ఉండిపోయింది. ఇది ఠాగూరు వేసిన అతి సున్నితమైన చురక. అనిత్యతను గురించిన ఆలోచన వదిలి వెళ్ళేవాడికి ఎంత సులభంగా అందివస్తుందో, వదలబడినదానికి అది ఎంత దూరమో ఆయన పక్కపక్కన నిలబెట్టాడు. బౌద్ధ గ్రంథాలు చదివేవారు అక్కడ కొంచెంసేపు ఆగవలసి ఉంటుంది. ‘అన్నీ అనిత్యాలే’ అన్న మాట సత్యమే కావచ్చు. ఆ మాట ఎవరి నోట, ఏ క్షణంలో వచ్చినదన్నది వేరే ప్రశ్న.

రాయ్ ఆ నదిని తీసివేశాడు, పడవను తీసివేశాడు, తత్త్వాన్ని తీసివేశాడు, కాళ్ళ మీద పడటాన్ని కూడా తీసివేశాడు. మిగిలినది ఒక బాట, ఒక బావి, ఒక బకెట్టు. రతన్ బావి దగ్గర ఏడ్చింది. ఆ ఏడ్పును చిత్రం దాచలేదు, సాగదీయనూ లేదు. తరువాత ఆమె నీళ్ళ బకెట్టు మోసుకుంటూ వస్తుంది. ఎదురుగా నందలాల్. చేతిలో ఆమెకివ్వబోయే నాణెం. ఆమె ఆగదు, చూడదు, దాటి వెళ్ళిపోతుంది. అతడు చేయి చాచినవాడు చాచినట్లే ఉండగా, కనిపించని దిశ నుంచి ఆమె గొంతు వినబడుతుంది. నీళ్ళు తెచ్చానని చెబుతున్నది, కొత్తగా వచ్చిన పోస్ట్‌మాస్టరుతో.

ఈ చివరి షాట్ల బలమంతా దృశ్యాన్నీ ధ్వనినీ విడదీయడంలో ఉన్నది. ఆ మాట పలికేటప్పుడు రతన్ ముఖాన్ని చూపి ఉంటే, ఆ ముఖంలో ఏదో ఒక భావం ఉండక తప్పదు. కోపమో, బాధో, బింకమో ప్రేక్షకుడు చదువుకొని తృప్తిపడేవాడు. రాయ్ ఆ ముఖాన్ని ఇవ్వలేదు. గొంతు మాత్రమే ఇచ్చాడు. అది రోజూ నీళ్ళు తెచ్చే పిల్ల గొంతు. చూడవలసి వచ్చినది నందలాల్ ముఖాన్ని. శోకం ఒకరిది, దానిని విని తట్టుకోవలసినవాడు మరొకడు. అతడు నాణేన్ని తిరిగి దాచుకొని నడక సాగిస్తాడు. దారిలో మొదటినుంచీ కథలో తిరుగాడుతున్న పిచ్చివాడు కూర్చొని ఉంటాడు. పడవ మీది తత్త్వం వల్ల కథలోని నాయకుడికి కలిగిన ఉపశమనం ఈ నందలాల్‌కు కలగదు. కథనూ చిత్రాన్నీ పోల్చేవారు రాయ్ కన్నీటిని తగ్గించాడని మాత్రమే అంటారు. నిజానికి ఆయన తగ్గించినది ఓదార్పును.

పని ఆగకపోవడం ఇక్కడ గమనించదగిన విషయం. బకెట్టు బరువైనది, నీళ్ళు తొణకకుండా నడవాలి, నడక దానివల్లనే అలా ఉన్నది. ప్రత్యేకంగా నెమ్మది చేసిన కదలిక కాదు అది. బుద్ధఘోషుని కుండలో మూడవ దశను కెమెరాతో చూపడానికి ఇంతకన్నా సూటి మార్గం లేదేమో. పొంగిపోయినది బావి దగ్గర పొంగిపోయింది. మిగిలినది బకెట్టు పట్టుకొని నడుస్తున్నది.

ఫ్రెంచి టెలివిజన్ కోసం రాయ్ 1980లో తీసిన ‘పికూ’లో మరో చిన్న ఉపాయం కనబడుతుంది. తల్లి పిల్లవాడిని తోటలోకి పంపుతుంది, అక్కడి పువ్వులన్నింటికీ బొమ్మలు వేయమని. రంగు కలాల పెట్టెలో తెలుపు లేదు. తెల్ల పువ్వును నల్ల రంగుతో వేస్తానని వాడు కిందినుంచి తల్లిని కేకవేసి చెబుతాడు. పైగదిలో తల్లి తన ప్రియునితో ఉన్నది. ఇంకో గదిలో గుండెజబ్బుతో మంచం పట్టిన తాత ఒంటరిగా చనిపోతాడు. ఆ మరణాన్ని చూసేది పికూ ఒక్కడే. ఇరవయ్యారు నిమిషాల ఈ చిత్రంలో ఎవరూ వాడికి మరణాన్ని వివరించరు. తెలుపుకు బదులు నలుపు వాడవలసి రావడం అప్పటికే జరిగిపోయింది. ప్రేక్షకుడు వెనక్కి వెళ్ళి ఆ రెండింటినీ కలుపుకుంటాడు.

ఈ నిగ్రహం పక్కన 2020 నాటి అమెరికన్ యానిమేషన్ చిత్రం ‘ఇఫ్ ఎనీథింగ్ హాపెన్స్ ఐ లవ్ యూ’ను నిలిపితే తేడా స్పష్టమవుతుంది. విల్ మెకార్మాక్, మైకేల్ గోవియర్ తీసిన ఈ పన్నెండు నిమిషాల చిత్రం 2021లో ఆస్కార్ పొందింది. పాఠశాలలో జరిగిన కాల్పులలో కూతురిని పోగొట్టుకున్న తల్లిదండ్రుల కథ ఇది. మొదటి షాట్లు అమోఘం. భోజనాల బల్ల, దానికి చెరో కొసన ఇద్దరు, మధ్యలో మాటలేని దూరం. ఉతకవలసిన బట్టలలో కూతురి చొక్కా తల్లి చేతికి తగలడం కూడా అటువంటిదే. కాల్పులను చూపకుండా శబ్దంగా మాత్రమే వినిపించిన సంయమనాన్ని మెచ్చుకోవాలి. అయితే ఈ చిత్రం పేరుపొందినది తన నీడల వల్ల. మనుషులు మౌనంగా ఉంటే వారి నల్లని నీడలు గోడల మీద పోట్లాడుకుంటాయి, కూతురిని బడికి పోనివ్వకుండా ఆపబోతాయి, చివరకు కౌగిలించుకుంటాయి. లోపలి శోకాన్ని బయటికి తెచ్చే తెలివైన పద్ధతి ఇది. ఆ తెలివే దాని లోపం కూడా. మూత కింద ఉన్నదానిని నీడ తీసుకొచ్చి కుండ పైన కూర్చోబెడుతుంది. మనుషులు పొంగకపోయినా నీడలు పొంగుతూనే ఉంటాయి. అందులోనూ కూతురి నీడ తల్లిదండ్రులిద్దరినీ దగ్గరకు చేర్చే ముగింపు ప్రేక్షకుని సౌకర్యం కోసం చేసినదిగా తోస్తుంది. బిడ్డను పోగొట్టుకున్న దంపతులు పన్నెండవ నిమిషానికి ఒకటి కావలసిన అవసరం వారికన్నా చూసేవారికే ఎక్కువ.

ఓదార్పు ముగింపులు లఘుచిత్రాలకు పాత బలహీనతే. లామొరీస్ ‘రెడ్ బెలూన్’ (1956)లో రాళ్ళ దెబ్బ తిన్న ఎర్ర బుడగ చర్మం ముడతలు పడుతూ మెల్లగా కుంగిపోయే షాట్ ఎంతో నిజమైనది. ప్రాణం లేని వస్తువు చావును అంత ఓపికగా చూపిన చిత్రాలు అరుదు. వెంటనే పారిస్ నగరంలోని బుడగలన్నీ ఎగిరివచ్చి పిల్లవాడిని ఆకాశంలోకి తీసుకుపోతాయి. పిల్లల చిత్రం కనుక క్షమించవచ్చు.

ఇదే ప్రశ్నను ఎక్కువ కష్టంగా ఎదుర్కొన్నది డచ్చి దర్శకుడు మైకేల్ డ్యుడోక్ డ విట్ 2000లో తీసిన ‘ఫాదర్ అండ్ డాటర్’. ఎనిమిది నిమిషాలు, ఒక్క మాట లేదు. తండ్రీ కూతురూ సైకిళ్ళ మీద గట్టు దగ్గరకు వస్తారు. తండ్రి బిడ్డను ఎత్తుకొని ముద్దాడి, పడవ ఎక్కి వెళ్ళిపోతాడు. ఎక్కడికో, ఎందుకో చిత్రం చెప్పదు. కూతురు మళ్ళీ మళ్ళీ ఆ గట్టుకు వస్తుంది: పిల్లగా, పడుచుగా, స్నేహితులతో, ప్రియునితో, తన పిల్లలతో, ముసలిదై ఒంటరిగా. ముఖాలు దాదాపు కనబడవు. మనుషులు చిన్న నల్లని ఆకారాలు. ఆకాశం, చెట్లు, పొడవాటి నీడలు పెద్దవి. తిరిగే సైకిలు చక్రాలు, ఎదురుగాలికి వంగిన వీపు, ఇవే అభినయం. ‘డాన్యూబ్ అలలు’ అన్న పాత వాల్ట్‌జ్ బాణీ అకార్డియన్ మీద వినబడుతుంది. నాట్యానికి పుట్టిన బాణీ కనుక అది ఏడవమని ఎవరినీ ఒత్తిడి చేయదు.

ఈ చిత్రం ప్రధానమైన పరికరం పునరావృత్తి. అదే గట్టు, అదే చూపు, మారుతున్న దేహం. లఘుచిత్రానికి కాలం లేదన్న లోటును అది ఒక జీవితకాలాన్ని ఎనిమిది నిమిషాలలో ఒకే చోట నిలిపి తీర్చుకున్నది. కిసా గోతమి కథ కూడా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. చనిపోయిన బిడ్డను చంకన వేసుకొని ఆమె ఇంటింటికీ వెళ్ళి, చావు ఎరుగని ఇంటి ఆవాలు అడిగింది. ప్రశ్న అదే, గుమ్మం మారుతున్నది. అనిత్యతను గురించి ఆమెకు ముందుగా ఎవరూ ఉపన్యసించలేదు. కాళ్ళు నొచ్చేదాకా నడిచిన తరువాత ఆమెకే తెలిసింది. ఠాగూరు పడవ మీది ఆలోచనకూ దీనికీ ఉన్న అంతరం ఆ నడకే.

అయితే గోతమికి బిడ్డ తిరిగి దక్కలేదు. డ్యుడోక్ డ విట్ ముసలమ్మకు తండ్రి దక్కుతాడు. నీళ్ళు ఇంకిపోయిన నేలమీద రెల్లు దుబ్బుల మధ్య నడిచి వెళ్ళి ఆమె ఆ పాత పడవను కనుగొని, అందులో ముడుచుకొని పడుకుంటుంది. చిత్రం అక్కడ ఆగి ఉంటే దానికి సాటి ఉండేది కాదు. ఆగదు, ఆమె లేచి పరుగెడుతుంది, పరుగెత్తుతూ పడుచుదవుతుంది, తండ్రిని కౌగిలించుకుంటుంది. అది మరణమని అనుకునేవారున్నారు, కల అనుకునేవారున్నారు. ఏదైనా ఆ కౌగిలి అంతకుముందు చూసినదానిని కొంత తేలిక చేస్తుంది. కాని రెల్లులోకి దిగడానికి ముందు గట్టు మీద ఒక చిన్న షాట్ ఉన్నది; కౌగిలి దానిని చెరపలేకపోయింది. ముసలమ్మ సైకిలును స్టాండు వేసి నిలబెడుతుంది. అది పడిపోతుంది. లేపి మళ్ళీ నిలబెడుతుంది. మళ్ళీ పడిపోతుంది. ఈసారి ఆమె దానిని లేపకుండా గట్టు దిగుతుంది.