గైడు కథలో ప్రయాణికులు లేరు

టూరిస్టు గైడు చెప్పే మాటల్ని కూడా ఒక రచనలాగే చదవొచ్చు. దానికీ ఎత్తుగడ ఉంటుంది, శైలి ఉంటుంది, ఏది ఉంచాలో ఏది తీసేయాలో అన్న ఎడిటింగ్ ఉంటుంది. రోజూ చెప్పీ చెప్పీ అరిగిపోయిన వాక్యాలేవో, మనిషి సొంత మాటేదో కాసేపు వింటే తెలిసిపోతుంది. సూర్యాపేటలో బయల్దేరి కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడల్లో జనాన్ని ఎక్కించుకుంటూ నాగార్జునసాగర్ వెళ్ళే ఒక్కరోజు యాత్ర బస్సు ఈమధ్య ఎక్కాను. కరపత్రంలో పెద్దక్షరాల్లో రెండే ఆకర్షణలు: వేల ఏళ్ళనాటి నల్లమల అరణ్యం, కృష్ణ ఒడ్డున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి.

మొదటిదానితో పేచీ లేదు. రెండోదే చిక్కు. ఆ రాజధాని ఒడ్డున లేదు, నీళ్ళ అడుగున ఉంది.

గైడు ఈ సంగతి దాచాడని కాదు. లాంచీలో చెప్పాడు, కానీ ఎలా చెప్పాడన్నదే నా గొడవ. ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు, గేట్లు 26, నెహ్రూ శంకుస్థాపన 1955 డిసెంబరు 10న, ఇందిరాగాంధీ నీళ్ళు వదిలింది 1967లో. అంకెలన్నీ కంఠతా ఉన్నాయి. ఆ వెంటనే, ‘మునిగిపోతాయని శిల్పాలన్నీ కొండమీదికి తరలించారు.’ ఈ ‘తరలించారు’ చాలా పని చేసే క్రియ. వినేవాడికి ఏమీ పోలేదనిపిస్తుంది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో ఆ లోయలో జరిగిన తవ్వకాలు కాలంతో పందెం వేసుకున్నవి. కొన్ని కట్టడాల్ని కొండమీద, కొన్నిటిని అనుపులో మళ్ళీ నిలబెట్టారు. మిగతాది కొలతలుగా, ఫొటోలుగా మిగిలింది. లోయలో అప్పటికి బతుకుతున్న ఊళ్ళూ ఉన్నాయి. ఎక్కడినుంచి వచ్చిందో ప్రతి శిల్పం కింద చీటీ ఉంటుంది. లేచిపోయిన మనుషులకి గైడు కథలో ఆ చీటీ కూడా లేదు.

కొండమీది మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఉంది. ఈ యాత్ర మొత్తంలో ఆగి చూడాల్సింది నా లెక్కన అదే. మావాళ్ళు అక్కడ నిలబడింది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లోనే మా బస్సులో వచ్చిన ఒక పెద్దమ్మ గైడుని అడిగింది: “మా పొలానికొచ్చేది ఈ నీళ్ళేనా అయ్యా?” ఆయన “అవునమ్మా, ఎడమ కాలువ” అని గడియారం చూసుకున్నాడు.

గైడు రాయని అధ్యాయాన్ని ఆమె ఒక్క ప్రశ్నలో రాసేసింది. పొద్దున మిర్యాలగూడ దాటుతుంటే రోడ్డుకి రెండువైపులా రైసు మిల్లులు, కాలువలు, కళ్ళు చెదిరే పచ్చదనం. అప్పుడు బస్సులో సినిమా పాటలు మోగుతున్నాయి. వ్యాఖ్యానం సాగర్ చేరాకే మొదలవుతుందట! విజయపురి కథలో రెండో సగం మేము వచ్చిన దారే కదా. ఆ లోయ మునగబట్టే కోదాడ, హుజూర్‌నగర్ మాగాణి అయ్యాయి. మా ఇంట్లో మూడు తరాలు తిన్న అన్నం అదే. అందుకే ఆనకట్ట కట్టకుండా ఉండాల్సింది అనే తీరిక మాట నేను అనలేను. అదే ఉమ్మడి నల్లగొండలో కాలువ అందని మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులు కూడా ఈ కథలోని వాళ్ళే.

అడవి విషయంలో ఇంకా తొందర. లాంచీలోంచి వేలు చూపించి “అదిగో నల్లమల, పులులుంటాయి” అన్నాడు. చెంచుల ప్రస్తావన ఒక్కసారి వచ్చింది, అదీ భూతకాలంలో: తేనె తీసేవారట, వేటాడేవారట. 2019లో యురేనియం అన్వేషణ వద్దని నల్లమలలో ఆందోళన చేసినవాళ్ళలో ఆ చెంచులూ ఉన్నారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేయాల్సి వచ్చింది కూడా. ‘ప్రాచీనం’ అన్న విశేషణం తగిలించగానే అక్కడి మనుషులు కూడా మ్యూజియంలోకి వెళ్ళిపోతారు కాబోలు.

న్యాయంగా ఒకటి చెప్పాలి. బోధిసిరి దగ్గర ఆయన బాగా మాట్లాడాడు. మూడో శతాబ్దంలో సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించిన ఉపాసిక ఆమె. ఆమె వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ దేశాల పేర్లున్నాయి. “ఆ రోజుల్లో చీనా సంగతి ఇక్కడ ఒక ఆడమనిషికి తెలుసు సార్” అన్నప్పుడు గొంతులో బట్టీ లేదు. రాజుల వరస చెప్పినప్పుడు ఫోన్లు చూసుకున్నవాళ్ళు అప్పుడు తలెత్తి విన్నారు. జనం వినరు, అందుకే పైపైన చెప్తాం అనే వాదన అక్కడే వీగిపోయింది.

ఇక బస్సు బయల్దేరిన సూర్యాపేట సంగతి. అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఫణిగిరి ఉంది. ఇదే ఇక్ష్వాక వంశపు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరపు శాసనం దొరికిన చోటు. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకి వెళ్ళాయి. అది మునగలేదు, తరలిపోలేదు, కొండమీద ఉన్నచోటే ఉంది. కరపత్రంలో దాని పేరు లేదు. దిగేటప్పుడు అడిగితే నిర్వాహకుడు, “అక్కడ బోటింగ్ లేదు కదన్నా” అన్నాడు.