సివిల్ ఇంజనీరింగ్ పరిశోధనలో స్వచ్ఛంద సమీక్షకుల గుర్తింపు: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
శాస్త్రపత్రికలకు వచ్చే పరిశోధనపత్రాలను ప్రతిఫలం లేకుండా పరిశీలించే విషయనిపుణుల శ్రమకు దక్కవలసిన గుర్తింపును సివిల్ ఇంజనీరింగ్ రంగం ఆధారంగా ఈ వ్యాసం చర్చిస్తుంది. సుల్తానాబాద్ ప్రాంతపు రైస్‌మిల్లుల ఊకబూడిదను ఉదాహరణగా తీసుకొని సమీక్షకుడు చేసే పని స్వరూపాన్ని వివరిస్తుంది. ధ్రువపత్రాలు, సంఖ్యలపై నిలిచిన నేటి గుర్తింపు ఆ పనిని కొలవలేకపోతున్నదని, ఇదే రంగంలో స్థిరపడిన పరిశీలనా సంప్రదాయాలు మెరుగైన మార్గం చూపుతున్నాయని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: సమీక్షకుడు, సివిల్ ఇంజనీరింగ్, ఊకబూడిద, ప్రూఫ్ చెకింగ్, నామగోప్యత, విద్యాప్రమాణాలు.

1. ఉపోద్ఘాతం:
ప్రచురితమైన పత్రం పరిశోధకునికి పేరు తెస్తుంది, పత్రికకు ప్రతిష్ఠ తెస్తుంది, ప్రచురణసంస్థకు ఆదాయం తెస్తుంది. అందులోని లోపాలను పట్టి, దిద్దించి, ప్రచురణకు తగినట్లు చేసిన సమీక్షకునికి మాత్రం సాధారణంగా ఒక కృతజ్ఞతాలేఖ మిగులుతుంది. లండన్ రాయల్ సొసైటీ పత్రిక 1665లో మొదలైనా, సభ్యుల నుండి లిఖితపూర్వక నివేదికలు తెప్పించుకొనే పద్ధతి 1830ల నాటికి గాని రూపుదిద్దుకోలేదు. నాటి విద్వత్సభలో పరస్పర సేవగా మొదలైన ఈ ఆచారం నేడు విస్తృతమైన ప్రచురణ వ్యాపారానికి మూలస్తంభమైంది. 2020లో ప్రపంచవ్యాప్తంగా సమీక్షకులు 10 కోట్లకు పైగా గంటలు వెచ్చించినట్లు 2021లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఇది 15 వేల సంవత్సరాలకు పైబడిన కాలానికి సమానం.

ఈ సమస్య అన్ని శాస్త్రాలకూ ఉన్నదే. అయితే సివిల్ ఇంజనీరింగ్‌లో దీనికి అదనపు బరువు ఉన్నది. ఒక సాహిత్యవ్యాసంలోని పొరపాటును మరొక వ్యాసం సవరించగలదు. కాంక్రీటు మిశ్రమం గురించిన తప్పుడు నిర్ధారణ మాత్రం కాలక్రమంలో ఒక స్లాబుగానో, కాలువ లైనింగుగానో మారవచ్చు. దాని కింద మనుషులు నివసిస్తారు, దాని నీటితో పొలాలు పండుతాయి.

2. సమీక్షకుని శ్రమ - ఊకబూడిద ఉదాహరణ:
పెద్దపల్లి జిల్లాలోని సుల్తానాబాద్ రైస్‌మిల్లులకు పేరుపడిన పట్టణం. బాయిల్డ్ రైస్‌మిల్లుల్లో ధాన్యం ఉడికించడానికి బాయిలర్లలో ఊకనే ఇంధనంగా వాడతారు. ధాన్యం బరువులో సుమారు ఐదోవంతు ఊక, ఊక బరువులో సుమారు ఐదోవంతు బూడిద. ఆ బూడిదలో అత్యధిక భాగం సిలికా కావడం వల్ల సిమెంటులో కొంత భాగానికి బదులుగా దానిని వాడవచ్చునన్న పరిశోధన 1970ల నుండి విస్తరించింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యులు పి.కె. మెహతా ఈ విషయంలో ఆద్యులలో ఒకరు. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 కూడా 2000 నాటి కూర్పులో ఊకబూడిదను సంబంధిత అధికారి ఆమోదంతో వాడుకోవచ్చునని పేర్కొన్నది.

ఇటువంటి ప్రాంతం నుండి బూడిద సేకరించి, సిమెంటులో పది శాతం బదులు వేసి, 28 రోజుల బలం పెరిగిందని ప్రకటించే పత్రం ఒకటి పత్రికకు వచ్చినదనుకుందాం. పైపైన చదివే సమీక్షకుడు భాషాదోషాలు చూపి, మరికొన్ని పూర్వరచనలు ఉదహరించమని చెప్పి ముగిస్తాడు. నిజమైన సమీక్షకుని ప్రశ్నలు వేరు. ఊక ఎంత ఉష్ణోగ్రత వద్ద కాలింది? సుమారు 700 డిగ్రీల సెల్సియస్ లోపు నియంత్రితంగా కాలిస్తే సిలికా అస్ఫటిక రూపంలో ఉండి సున్నంతో చర్య జరుపుతుంది. బాయిలరులో అదుపు లేకుండా మండితే అది స్ఫటికరూపం పొంది చాలావరకు జడపదార్థమవుతుంది. బూడిదలో కాలకుండా మిగిలిన కర్బనం ఎంత? ఎంత మెత్తగా నూరారు? బూడిద ఎక్కువ నీటిని పీల్చుకుంటుంది కనుక నీటి పరిమాణాన్ని ఎలా సరిచేశారు? ఒక్కొక్క ఫలితం మూడు క్యూబుల సగటేనా? ఆ మూడింటి విలువలూ ప్రమాణం అనుమతించిన 15 శాతం తేడాకు లోబడి ఉన్నాయా? ఒక మిల్లు బూడిదపై వచ్చిన ఫలితాన్ని మరొక మిల్లు బూడిదకు వర్తింపజేయవచ్చునా?

ఈ ప్రశ్నలు వేయడానికి రసాయనశాస్త్రమూ, ప్రయోగశాల అనుభవమూ, ప్రమాణాల పరిచయమూ కావాలి. వీటికి రచయిత ఇచ్చే సమాధానాలతో పత్రం స్వరూపమే మారిపోవచ్చు. కొన్ని సందర్భాల్లో అది వెలువడకుండా ఆగిపోవచ్చు. అప్పుడు సమీక్షకుడు చేసిన మేలు ఎవరి కంటికీ కనబడదు. జరగని ప్రమాదానికి సాక్ష్యం ఉండదు. గుర్తింపు సమస్యలోని అసలు చిక్కు ఇదే.

3. నేటి గుర్తింపు పద్ధతుల గుణదోషాలు:
ప్రస్తుతం మూడు రకాల గుర్తింపు కనిపిస్తున్నది. మొదటిది సంవత్సరాంతంలో పత్రిక ప్రకటించే పేర్ల జాబితా. రెండవది ఉత్తమ సమీక్షకుల ఎంపిక. అమెరికన్ సొసైటీ ఆఫ్ సివిల్ ఇంజనీర్స్ పత్రికలు ఈ పద్ధతిని పాటిస్తున్నాయి. మూడవది సంఖ్యాత్మక నమోదు. 2012లో న్యూజిలాండ్‌లో మొదలైన పబ్లాన్స్ సమీక్షల సంఖ్యను లెక్కించి పరిశోధకుని ఖాతాలో చూపింది. 2017లో క్లారివేట్ సంస్థ దానిని కొనుగోలు చేసింది. 2022లో అది వెబ్ ఆఫ్ సైన్స్‌లో కలిసిపోయింది.

మొదటి పద్ధతిలో మర్యాద ఉన్నది గాని వివేచన లేదు. పది ప్రశ్నలతో పత్రాన్ని మార్చినవారూ, రెండు వాక్యాలతో ఆమోదించినవారూ ఒకే జాబితాలో ఒకే వరుసలో ఉంటారు. రెండవ పద్ధతిలో వివేచన ఉన్నది గాని అది సంపాదకుని గదిలోనే నిలిచిపోతుంది. ఏ గుణాన్ని బట్టి ఒకరు ఉత్తములయ్యారో పాఠకునికి తెలియదు. మూడవ పద్ధతి ఎక్కువ ప్రచారం పొందినది, ఎక్కువ ప్రమాదకరమైనది కూడా. లెక్కను గుర్తింపుగా మారిస్తే లెక్క పెరుగుతుంది, లోతు తగ్గుతుంది. పైన చెప్పిన ఊకబూడిద పత్రాన్ని రెండు వారాలు శ్రమించి చదివినవారికీ, అరగంటలో ముగించినవారికీ ఖాతాలో చేరేది ఒకే అంకె. సమీక్షా ప్రక్రియ ఎంతగా దుర్వినియోగం కాగలదో హిందావి ఉదంతం చాటిచెప్పింది. ప్రధానంగా ఆ కారణంతోనే ఆ సంస్థ పత్రికల నుండి 2023లో 8,000కు పైగా పత్రాలు ఉపసంహరణకు గురయ్యాయి.

మన విశ్వవిద్యాలయ వ్యవస్థలో పరిస్థితి మరొక విధంగా లోపభూయిష్ఠం. యూజీసీ 2018 నిబంధనలలోని రెండవ పట్టిక సైన్సు, ఇంజనీరింగ్ విభాగాలలో ఒక్కొక్క పత్రానికి 8 పాయింట్లు, భాషలు, మానవీయశాస్త్రాలలో 10 పాయింట్లు ఇస్తుంది. పత్రాన్ని సమీక్షించినవారికి ఆ పట్టికలో స్థానమే లేదు. సమీక్షిత పత్రిక కావాలని నిబంధన కోరుతుంది, సమీక్షించే మనిషిని మాత్రం చూడదు. 2025 ఫిబ్రవరిలో యూజీసీ కేర్ జాబితాను నిలిపివేసినట్లు ప్రకటించి, పత్రికల నాణ్యతను నిర్ణయించుకొనే బాధ్యతను సంస్థలకే అప్పగించిన తరువాత ఈ వైరుధ్యం ఇంకా స్పష్టమైంది. జాబితా లేనప్పుడు పత్రిక నాణ్యతకు సమీక్షే ప్రధాన ఆధారం.

4. ఈ రంగపు సొంత సంప్రదాయాలు:
మెరుగైన నమూనా కోసం సివిల్ ఇంజనీరింగ్ దూరం వెళ్లనవసరం లేదు. వంతెన, నీటిట్యాంకు వంటి ముఖ్య నిర్మాణాల డిజైనును స్వతంత్ర నిపుణుల చేత ప్రూఫ్ చెకింగ్ చేయించడం మన దేశంలో వాడుకలో ఉన్నది. ఇంజనీరింగ్ కళాశాలల ఆచార్యులే తరచుగా ఈ పని చేస్తారు. ఇక్కడ రుసుము ఉంటుంది, సంతకం ఉంటుంది, సంతకంతోపాటు బాధ్యత ఉంటుంది. అదే ఆచార్యుడు పత్రికకు సమీక్ష రాసినప్పుడు ఈ మూడూ ఉండవు.

రెండవ నమూనా ప్రమాణాల రచన. ఐఎస్ 456 చివర దానిని రూపొందించిన సంఘం సభ్యుల పేర్లు, వారు ప్రాతినిధ్యం వహించిన సంస్థల పేర్లు అచ్చయ్యాయి. దేశమంతా పాటించే ప్రమాణాన్ని ఎవరు పరిశీలించారో తెరచి చూసినవారికి తెలుస్తుంది. మూడవది చర్చ, సమాధానం అనే శీర్షికల సంప్రదాయం. అమెరికన్ సొసైటీ పత్రికల్లో ప్రచురితమైన పత్రంపై ఇతర ఇంజనీర్లు పేరుతో విమర్శ రాస్తారు, మూలరచయిత సమాధానమిస్తాడు, రెండూ శాశ్వతంగా నిలుస్తాయి. ఈ మూడింటిలోనూ గుర్తింపు బహుమతిగా రాలేదు. బాధ్యతకు మరోవైపుగా వచ్చింది.

పరిశీలన విలువ గోదావరీ తీరానికి కొత్త విషయం కాదు. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బరాజ్ ఏడవ బ్లాకులో పియర్లు కుంగిన తరువాత జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు రంగంలోకి దిగారు. 2024లో ఏర్పడిన నిపుణుల సంఘం పరిధిలోకి పెద్దపల్లి జిల్లాలోని సుందిళ్ల బరాజ్ కూడా వచ్చింది. పత్రికా సమీక్షకూ ఆ ఘటనకూ ప్రత్యక్ష సంబంధం లేదు. అయినా అది ఒక సత్యాన్ని ముందుంచుతుంది. నష్టం జరిగిన తరువాత వచ్చే పరిశీలకులకు పేరూ, అధికారమూ, ప్రజల దృష్టీ లభిస్తాయి. నష్టానికి ముందే ప్రశ్నించే పరిశీలకుడు, అది డిజైను దగ్గర కానివ్వండి, పత్రం దగ్గర కానివ్వండి, అజ్ఞాతంగానే మిగిలిపోతాడు.

5. నామగోప్యత - ఒక అభ్యంతరం:
పేరు వెల్లడైతే నిర్భయమైన విమర్శ సాధ్యం కాదన్న వాదన బలమైనదే. తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ విద్యారంగంలో ఒకరికొకరు తెలిసినవారే ఎక్కువ. నేడు సమీక్షించిన యువ అధ్యాపకుడు రేపు అదే సీనియర్ ఎదుట ఇంటర్వ్యూకు కూర్చోవలసి రావచ్చు. కనుక ప్రతి సమీక్షపైనా పేరు తప్పనిసరి చేయడం న్యాయం కాదు. అయితే పేరు దాచడానికీ, పనిని దాచడానికీ భేదం ఉన్నది. నేచర్ పత్రిక 2025 జూన్ నుండి కొత్త పరిశోధనపత్రాలతో సమీక్షా నివేదికలను కూడా ప్రచురిస్తున్నది. సమీక్షకుడు కోరితే తప్ప పేరు బయటపడదు. నివేదిక కనబడితే దాని నాణ్యత కనబడుతుంది. పీహెచ్.డీ. సిద్ధాంతగ్రంథపు పరీక్షకునికి విశ్వవిద్యాలయం పారితోషికం ఇచ్చి, నివేదికను దస్త్రంలో భద్రపరుస్తుంది. పత్రికా సమీక్షకు ఆపాటి గౌరవమైనా దక్కాలనడం అత్యాశ కాదు.

6. ఆచరణీయ సూచనలు:
ఒకటి, పత్రికలు పేరుతోగాని, పేరు లేకుండాగాని సమీక్షా నివేదికలను పత్రంతోపాటు ప్రచురించాలి. రెండు, ధ్రువపత్రంలో సమీక్షల సంఖ్యకు బదులు సమీక్ష వల్ల పత్రంలో వచ్చిన మార్పును సంపాదకుడు రెండు మూడు వాక్యాలలో నమోదు చేయాలి. మూడు, విశ్వవిద్యాలయాలు సమీక్షకు పాయింట్లు ఇస్తే ఏడాదికి కొన్నింటికే పరిమితం చేయాలి. పరిమితి లేని పాయింటు తొందరపాటును పెంచుతుంది. నాలుగు, పర్యవేక్షకునికి వచ్చిన సమీక్షను పరిశోధక విద్యార్థి రాసినప్పుడు సంపాదకుని అనుమతితో ఆ విద్యార్థి పేరు నమోదు కావాలి. శిక్షణ పేరుతో జరిగే ఈ అదృశ్యశ్రమ సమీక్షావ్యవస్థలో ఎక్కువ అన్యాయానికి గురవుతున్న భాగం.

7. ముగింపు:
స్వచ్ఛందసేవకు వెల కట్టడం సాధ్యం కాకపోవచ్చు. దానిని చూడకపోవడం మాత్రం వ్యవస్థ ఎంచుకొన్న విధానం. సంఖ్యలతో ఇచ్చే గుర్తింపు ఆ చూడకపోవడానికే మరొక రూపం. సివిల్ ఇంజనీరింగ్ తన డిజైన్లకు సంతకాన్ని, తన ప్రమాణాలకు పేర్లను, తన పత్రాలకు బహిరంగ చర్చను ఏనాడో సమకూర్చుకొన్నది. ఆ మూడింటినీ పత్రికా సమీక్షకు విస్తరింపజేస్తే సమీక్షకునికి గౌరవమూ, పాఠకునికి నమ్మకమూ ఒకే చర్యతో సిద్ధిస్తాయి. బూడిద ఏ వేడిలో కాలిందని అడిగిన ఒక్క ప్రశ్న వెలుగులోకి రావడం, నూరు ధ్రువపత్రాల కంటె విలువైన గుర్తింపు.